మిషనత్త ఎయిర్‌గన్

ఎలుక బట్టను ఆకలితో కొరకదు. పెరిగే పళ్ళు అరగదీసుకోవడానికి కొరుకుతుంది, గూడుకు పీలికలు కావాలని కొరుకుతుంది, బట్టకు పెట్టిన గంజి నాలుక్కి తగిలితే ఇంకాస్త కొరుకుతుంది. ఇంత చదివినా ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మా మేనత్త చెప్పింది. "దాని పని అది చేసుకుంటోందిరా. మన పని మనం చేసుకోవాలి, అంతే" అనేది. ఆవిడ ఎలుకల మీద కోపం తెచ్చుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్క నెలలో ఇరవైమూడు ఎలుకల్ని కొట్టింది మాత్రం చూశాను.

మా అత్త కుట్టుమిషన్ల మెకానిక్కు. ఆస్పత్రులకు దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు కుట్టే ఒక వర్క్‌షాపులో ఇరవైరెండు మిషన్లూ ఆవిడ చేతి కింద ఉండేవి. అదే షెడ్డులో వెనకనున్న బట్టల గోదాముకు నేను గుమాస్తాను. నేను పనిలో చేరేనాటికే ఆడమనిషి స్క్రూడ్రైవరు పట్టుకుందని నవ్విన నోళ్ళన్నీ మూతపడ్డాయి. నేను అత్తా అని పిలవడం విని అందరూ అత్తా అనడం మొదలుపెట్టారు, తర్వాత అది మిషనత్త అయింది. యజమాని ఆవిడకంటే పదేళ్ళు పెద్ద. ఆయనా అత్తా అనేవాడు. "నాకు కూతుళ్ళు లేరు కాబట్టి బతికిపోయారు" అని ఆవిడ ఒకసారి అనేసరికి ఆ ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి, పిలుపు మాత్రం మారలేదు.

ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున గంట మోగక ముందే ప్రతి మిషన్ మీదా జానెడు తెల్లబట్ట ముక్క పెట్టి ఒక వరస కుట్టి, పక్కన పెన్సిల్‌తో తేదీ వేసి, దాన్ని మిషన్ మెడకు దారంతో కట్టేది. దాన్ని మేము చీటీ అనేవాళ్ళం. చీటీ మీద కుట్టు సమంగా లేకపోతే ఆ మిషన్ ముందు ఎవరూ కూర్చోకూడదు. ఇందులో వింత ఏమీ లేదు, తెలివైన మెకానిక్కు ఎవరైనా చేసే పనే. వింత ఏమిటంటే, చెడ్డ చీటీని ఆవిడ పారేసేది కాదు. మిషన్ బాగయ్యాక కొత్తది కట్టినా, దాని వెనకాల చెడ్డది అలాగే వేలాడుతూ ఉండేది. యజమాని అడిగాడట, వచ్చినవాళ్ళు చూస్తే బాగుండదు కదా అని. "మంచి కుట్టు ఏమీ చెప్పదండీ. జబ్బేమిటో చెప్పేది చెడ్డ కుట్టే" అందట ఆవిడ.

ఆ ఏడాది మా గోడ పక్కనే ఉన్న పిండిమర మూతపడింది. దాన్ని నమ్ముకుని తరతరాలుగా బతికిన ఎలుకలన్నీ గోడ దాటి మా గోదాములోకి వచ్చాయి. రెండు నెలలు మేము పట్టించుకోలేదు. ఒక రోజు ఆస్పత్రి నుంచి దుప్పట్ల కట్ట ఒకటి వెనక్కి వచ్చింది. విప్పితే, మడత మడతకూ అదే చోట, అణా బిళ్ళంత చిల్లి. దాంతోపాటు అక్కడి స్టోర్స్ మేడం రాసిన ఉత్తరం. నెలాఖరున తానే వచ్చి గోదాము చూస్తానని, బట్టలో ఎలుక చేసిన చిల్లి ఇంకొక్కటి కనిపించినా, గోదామును అదుపులో పెట్టుకోలేరని తనకు అనిపించినా, పని ఇంకొకరికి ఇస్తానని అందులో ఉంది. అందులో కోపం లేదు. రోగుల కిందికి వెళ్ళే బట్ట గురించి రాయవలసినట్టే రాసింది.

మా పనిలో ముప్పాతిక భాగం ఆ ఆస్పత్రిదే. అది పోతే షెడ్డు మూసుకోవడమే. ఆ సాయంత్రం అత్త నాతో అంది, "నాకూ నీకూ ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది. చివరి వరసలో కూర్చునే నలుగురినీ చూశావా? యాభై దాటాయి, కళ్ళజోళ్ళు వచ్చాయి. వాళ్ళని ఇంకెవరు కూర్చోబెడతారురా?" ఆ నలుగురిలో ఒకావిడకు చూపు ఆనక సూదిలోకి దారం ఎక్కేది కాదు. రోజూ పొద్దున్నే అత్తే ఎక్కించి వెళ్ళేది, ఎవరూ చూడకముందే.

మందు పెట్టకూడదు. ఆస్పత్రి బట్ట దగ్గర విషం వాసన రాకూడదని ఒప్పందంలోనే ఉంది, పైగా మందు తిన్న ఎలుక బేళ్ళ మధ్యకు పోయి చస్తే దాన్ని వెతికి తీసేలోపు బట్టంతా పాడవుతుంది. బోనులు పెట్టాం. మొదటి రెండు రోజులు పడ్డాయి, మూడోరోజు నుంచి ఎలుకలు బోను చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళిపోయాయి. పిల్లిని తెచ్చాం. అది వారం తిరక్కుండా ఆపరేషన్ గౌన్ల మీద నాలుగు పిల్లల్ని పెట్టి, మా మీదే గుర్రుమనడం మొదలుపెట్టింది. అప్పుడు యజమాని ఎయిర్‌గన్ మాట ఎత్తాడు.

ఆ మాట ఎత్తగానే ఆయన బామ్మర్దికి హుషారు వచ్చింది. వారానికి రెండు రోజులు వచ్చి మాకు సలహాలిచ్చి వెళ్ళే మనిషి. మర్నాడే ఒక రంగుల పుస్తకం పట్టుకొచ్చాడు. నల్లగా నిగనిగలాడే తుపాకి, దానిమీద మూరెడు టెలిస్కోపు. దాని గుండు పలక చెక్కను ఇటునుంచి అటు దూసుకుపోతుందని చదివి వినిపించాడు. ఎలుకకు పలక చెక్క ఎందుకు తగిలిస్తున్నారో నాకు అర్థం కాలేదు. అత్త మాత్రం పుస్తకం చేతిలోకి తీసుకుని, బొమ్మల్ని కాసేపు చూసి, దీన్ని ఎవరు పట్టుకుంటారని అడిగింది. నేనే అన్నాడాయన.

"మీరొచ్చేది వారానికి రెండు రోజులు. ఆ రెండు రోజులే రమ్మని ఎలుకలకు కబురు పెడదామా?" అంది అత్త. "ఎవరు పట్టుకోవాలో ముందు తేల్చండి. ఏ తుపాకి అన్నది ఆ తర్వాత."

ఎవరూ ముందుకు రాలేదు. రోజూ గోదాములో ఉండేది నేను, కానీ నా చేతుల సంగతి అందరికీ తెలుసు, మేకు కొడితే వేలు కొట్టుకునే రకం. చివరికి ఆవిడే, సరే నేనే పట్టుకుంటాను అంది. బామ్మర్దిగారు నవ్వారు. కుట్టుమిషన్ కాదత్తా ఇది అన్నారు. ఆవిడా నవ్వింది. "అదీ స్ప్రింగే, ఇదీ స్ప్రింగే. చూద్దాం పదండి" అంది.

తుపాకుల కొట్టు ఊరి చివర ఉండేది. దాన్ని నడిపే పెద్దాయన ఒకప్పుడు కుర్రాళ్ళకు గురి నేర్పిన మాస్టారు. కనుబొమ్మలు తెల్లబడినా చూపు మాత్రం సూదిమొనలా ఉండేది. కొట్టు వెనకాల పొడుగాటి ఇరుకు షెడ్డు, ఆ కొసన ఇనప పెట్టెలో గురి కాగితాలు. పది మీటర్ల దూరం. కాల్చి చూడకుండా ఆయన ఎవరికీ ఏదీ అమ్మడు. మాకు కాగితాలు, సంతకాలు ఉంటాయని ముందే చెప్పి, ఆవిణ్ణి ఎగాదిగా చూసి, ఏం కొట్టాలి, ఎంత దూరంలో, వెనకాల ఏముంది అని మూడు ప్రశ్నలు వేశాడు. ఎలుక, పదడుగులు మొదలు ముప్పై అడుగులు, వెనకాల రేకు గోడ, బట్ట బేళ్ళు, ఒక్కోసారి మనుషులు అని చెప్పిందావిడ. మూడో జవాబు విని ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

బామ్మర్దిగారు బొమ్మలో చూపించిన తుపాకి అక్కడుంది. ముందు దాన్నే తీశారు. గొట్టాన్ని మధ్యకు విరిచి కిందికి లాగితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే ఆ స్ప్రింగు గాలిని తోస్తుంది, గాలి సీసం గుండును తోస్తుంది, ఉన్నదంతా అంతే. బామ్మర్దిగారు రెండుసార్లు లాగేసరికి మెడ నరాలు ఉబ్బాయి. ఐదు గుళ్ళు కాల్చాడు. కాగితం మీద ఐదు చిల్లులు సాసరంత మేర పడ్డాయి. టెలిస్కోపు సరిచెయ్యాలి అన్నాడాయన. మాస్టారు ఆ కాగితం తీసి బల్లమీద పెట్టాడు. ఆయన పది అడుగుల సంగతి అడిగితే బాగుండునని నాకనిపించింది, అంత దగ్గర్లో ఆ టెలిస్కోపులో ఎలుక బొచ్చు తప్ప ఎలుక కనిపించదు.

అత్త ఏ తుపాకినీ ముందు భుజానికి ఎత్తలేదు. ఒక్కోదాన్నీ బల్లమీద పెట్టి చూసింది. గొట్టం విరిచే చోట పట్టుకుని అటూ ఇటూ కదిపింది, మిషన్ సూదికడ్డీ వదులైందేమో చూసినట్టే. మూసిన చోట పల్చటి కాగితం పీలిక పెట్టి కాల్చమంది. పీలిక ఎగిరిపడితే అక్కడ గాలి పోతున్నట్టు. ట్రిగ్గర్ ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడానికి ఐదారుసార్లు గుండు వేసి నొక్కింది. గుండు లేకుండా వట్టిదాన్ని పేల్చబోయిన బామ్మర్దిగారి చేతిని మాస్టారు పట్టుకుంటే, ఈవిడ మాత్రం అడగకుండానే అది కూడదని గ్రహించింది. బట్ట లేకుండా మిషన్ తొక్కితే కింద బట్టను జరిపే దంతాలు పాడవుతాయి, ఇదీ అలాంటిదే కదా అంది. మాస్టారి కనుబొమ్మలు పైకి లేచాయి.

ఆవిడ చివరికి ఎంచుకున్నది మూల నిలబెట్టిన పాతది. చెక్క మీద గీతలు, గొట్టం మీద మెరుపు పోయిన నలుపు. దెబ్బ బలం మొదటిదాంట్లో సగమే. మాస్టారి దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళు పన్నెండేళ్ళు దాంతోనే గురి కాల్చారట. ఆవిడ దాన్ని ఇరవైసార్లు లాగింది. ఎందుకమ్మా అని మాస్టారు అడిగితే, మొదటిసారి ఎవరైనా లాగుతారు, ఇరవయ్యోసారి చెయ్యి వణికితే గురి ఎక్కడుంటుందని తిరిగి అడిగింది.

అప్పుడు కాల్చింది. మొదటి ఐదూ చెల్లాచెదురుగా పడ్డాయి. మాస్టారు దగ్గరికొచ్చి ఒకే మాట అన్నాడు: గట్టిగా పట్టుకోకండి. స్ప్రింగు తుపాకి ముందుకీ వెనక్కీ కదులుతుంది, కదలనివ్వాలి, అరచేతిలో ఊరికే ఆనించి ఉంచాలి. అత్త కళ్ళు మెరిశాయి. ముప్పయ్యేళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతి కుట్టుమనిషికీ ఆవిడ చెబుతున్న మాటే అది. బట్టను లాక్కండి, దారి చూపండి, మిషనే తీసుకుపోతుంది. రెండోసారి ఐదూ చొక్కా బొత్తాంలో ఇమిడాయి. గుళ్ళు మాత్రం మూడు రకాలు మార్చి చూశారు. ఒకే గొట్టానికి ఒక రకం నప్పినట్టు ఇంకోటి నప్పదు. నప్పిన డబ్బాలే రెండు తీసుకుంది.

బామ్మర్దిగారు బావగారికి ఫిర్యాదు చేశారు, కొత్తది వదిలేసి ముసలిదాన్ని కొన్నారని. ఆవిడ ఆ రెండు కాగితాలూ ఆయన బల్లమీద పరిచింది. ఒకదాని మీద సాసరు, ఒకదాని మీద బొత్తాం. "మనకు కావలసింది బలం కాదండీ. కొట్టిన చోటే మళ్ళీ కొట్టడం" అంది. యజమాని జీవితమంతా కుట్లు చూసినవాడు. బొత్తాం ఉన్న కాగితం చూసి తలూపాడు.

తుపాకి తెచ్చిన రోజు ఆవిడ ఒక్క ఎలుకనూ కొట్టలేదు. ముందు పరదా కుట్టింది. గుడారం బట్ట రెండు పొరలు, మధ్యలో కత్తిరింపుల కింద పడిన పీలికలు దట్టంగా కూరి, అడ్డంగా నిలువుగా కుట్లు వేసి, మనిషంత పరుపులాంటిది తయారు చేసి గోదాము మూలన వేలాడదీసింది. దాని ముందు నేలమీద గంజి ముద్ద. అటే కాలుస్తాను, ఇంకెటూ కాల్చను, ఎలుక నా ఒళ్ళో కూర్చున్నా సరే అని అందరికీ చెప్పింది. రేకు గోడకు తగిలిన గుండు ఎటు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఎలుకలకు మా గంట తెలుసు. మధ్యాహ్నం గంట మోగి, మిషన్లు ఆగి, అందరూ భోజనాలకు లేచిన పది నిమిషాలకు అవి బయటికి వచ్చేవి. అత్త ముందే తినేసి స్టూలు మీద కూర్చునేది. తలుపు బయట నేను కాపలా. లోపల 'టప్' అని చిన్న చప్పుడు, పుస్తకం నేలమీద పడ్డట్టు. మొదటి రోజు ఒకటి, రెండోరోజు మూడు. రోజూ పొద్దున మిషన్ల చీటీలు అయ్యాక, అట్టలా మందంగా ఉండే గురి కాగితం మీద ఐదు గుళ్ళు కాల్చి, తేదీ వేసి, ఆ అట్టముక్కను దారంతో ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడ్డీకి కట్టేది. చీటీ బొత్తాంలో ఇమడకపోతే ఆ రోజు వేట లేదు. పదిరోజుల్లో పద్నాలుగు ఎలుకలు. చివరి వరస ఆడవాళ్ళు ఆ చీటీల గుత్తి చూసి, అత్తా, రిటైరయ్యాక సర్కస్‌లో చేరు, కడుపు నిండుతుంది అనేవాళ్ళు.

పదకొండో రోజు తుపాకి కీచుమంది.

గొట్టం లాగినప్పుడు లోపల స్ప్రింగు చిన్నగా కీచుమని మూలిగింది. అంతే. మీరైతే ఊరుకునేవారు, నేనైతే వినేవాణ్ణే కాదు. కానీ ముప్పయ్యేళ్ళుగా మూలిగిన ప్రతి మిషన్‌కూ నూనెచుక్క వేసిన చెయ్యి ఆవిడది. మిషన్ అరిస్తే ఆకలేసినట్టు అన్నది ఆవిడ మొదటి పాఠం. జేబులోంచి సన్న ముక్కు నూనె డబ్బా తీసి, గాలి వచ్చే చిల్లిలో నాలుగు చుక్కలు వేసింది. నేను పక్కనే ఉన్నాను, ఆ చుక్కలు పడటం చూశాను, ఎంత శ్రద్ధగల మనిషి అనుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున చీటీ కోసం ట్రిగ్గర్ నొక్కితే టప్ అనవలసింది ఢామ్మంది. గొట్టం కొసన నీలం పొగ, మాడిన నూనె వాసన. గుండు కాగితాన్నే కాదు, కాగితం పెట్టిన పరదాను కూడా తప్పించుకుని పక్కనున్న గౌను బట్ట బేలులో దిగింది. కత్తెర పట్టుకుని బేలు విప్పాం. ఎనిమిది మడతలు దాటి తొమ్మిదో మడతలో ఉంది గుండు, నల్లటి నూనె మరకతో. ఎలుకల వల్ల చిల్లి పడకూడదని తెచ్చిన తుపాకి ఎనిమిది చిల్లులు పెట్టింది.

ఆ రోజు బామ్మర్దిగారు వచ్చే రోజు కావడం మా కర్మ. ఆయన పొగ వాసన చూసి, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టడమంటే ఇదేనత్తా అన్నాడు. ఆ సామెతకు అంతకంటే సరైన సమయం ఉండదని నేనూ ఒప్పుకుంటాను. ముసలి తుపాకి ముసలి బుద్ధే చూపించింది, తాను చెప్పినదే తెద్దామన్నాడు. యజమాని అత్త మొహంలోకి చూశాడు. మేడం రావడానికి వారమే ఉంది, గోదాములో ఇంకా తొమ్మిదో పదో ఎలుకలున్నాయి.

అత్త ఇంకో నాలుగు కాల్చింది, పక్కనున్న బేళ్ళు జరిపించి, పరదా మధ్యలో కొత్త కాగితం పెట్టి, జాగ్రత్తగా. చిల్లులు నాలుగూ నాలుగు దిక్కులకు పడ్డాయి. ఆ కాగితం మీద తేదీ వేసి తుపాకికి కట్టింది. "పాతది కొనమంది నేను. దీని సంగతి రేపటికల్లా చెబుతాను. చెప్పలేకపోతే మీ ఇష్టమొచ్చింది తెండి" అంది. బేలు నుంచి పాడైన ఎనిమిది మడతలూ కత్తిరించి, వాటికి కూడా ఒక చీటీ కట్టి విడిగా పెట్టింది. దానిమీద ఒకటే మాట: తుపాకి, ఎలుక కాదు.

అటునుంచి అటే కొట్టుకు తీసుకెళ్తే, మాస్టారు గొట్టం కొసను ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కసారి పీల్చి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"ఇన్నేళ్ళుగా చూస్తున్నానమ్మా. నూనె పోసి తెచ్చేవాళ్ళు రెండే రకాలు. సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు, కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్ళు. మిగతావాళ్ళకు నూనె అన్న ఊసే ఉండదు."

తర్వాత విడమరిచి చెప్పాడు. స్ప్రింగు తోసినప్పుడు లోపలి గాలి ఒక్క లిప్తలో నలిగి నిప్పంత వేడెక్కుతుంది. అక్కడ నూనె ఉంటే అంటుకుంటుంది. గుండును గాలి కాదు, మంట తోస్తుంది. మంటకు లెక్కేముంది, ఒకసారి ఒకలా తోస్తుంది. "తుపాకిని కాస్తా పొయ్యి చేశారు" అన్నాడు. కీచుమన్నది నిజమే, దానికి మందు కూడా ఉంది, కానీ అది చుక్కల నూనె కాదు, స్ప్రింగు చుట్టకు మాత్రమే పూసే ముద్ద గ్రీజు. రోగం సరిగ్గానే పట్టారు, మందు తప్పుచోట పోశారు అన్నాడు.

వాషరు కొంచెం కాలి ఉంటుందని, తుపాకిని వదిలి వెళ్తే తాను కొత్త వాషరు మార్చి ఇస్తానని, అంతదాకా వేరే తుపాకి తీసుకెళ్ళమని ఆయన దయగానే అన్నాడు. అత్త తల వంచి తుపాకి వంకే చూసింది. ఆవిడకు సిగ్గేసిందనుకున్నాను. కాదు, ఆలోచిస్తోంది.

"తప్పు నాది. మార్చేది దాన్నెందుకు?" అంది. "మీ బల్ల ఇవ్వండి. విప్పడం చూపించండి. నేనే కడిగి బిగిస్తాను."

ఆ స్ప్రింగు తప్పుగా విప్పితే మొహం పగలగొడుతుంది. మాస్టారు బిగింపు బల్లకు తుపాకిని కట్టి, మెల్లగా మర తిప్పి, స్ప్రింగు ఊపిరి వదిలేదాకా ఆవిడ చేతిని వదల్లేదు. తర్వాత మధ్యాహ్నమంతా ఇద్దరూ ఒకే బల్లకు చెరోవైపు కూర్చున్నారు. ఆవిడ గొట్టపు లోపలంతా పొడిబట్ట చుట్టిన పుల్లతో తుడిచి, తుడిచిన ప్రతి ముక్కనూ వెలుతురులో పట్టుకుని చూసింది. ఆఖరి ముక్క తెల్లగా వచ్చేదాకా ఆపలేదు. కొత్త వాషరు వేసింది, స్ప్రింగుకు వేలి కొసతో గ్రీజు పూసింది. సాయంత్రం వెనక షెడ్డులో కాల్చి చూశారు. మొదటి రెండూ కాస్త పక్కకు పోయాయి. పదో గుండు దగ్గర టప్ అన్న పాత చప్పుడు తిరిగి వచ్చింది. ఇరవయ్యో గుండు దాటాక బొత్తాం.

వచ్చే దారిలో ఆవిడ నాతో ఒకటే మాట అంది. "ముప్పయ్యేళ్ళు చేసిన పని చెయ్యి తనంతట తనే చేసేస్తుందిరా. నిన్న నేను వినలేదు, చెయ్యి వింది." ఆ మాట నేను చాలాకాలం మోశాను. నా పనిలో కూడా ఎన్నో నూనెచుక్కలు అలాగే పడ్డాయి.

మిగిలిన వారంలో ఎనిమిది కొట్టింది. ఒక్కటి మిగిలింది. లావుగా, నిదానంగా, గోదామంతా ఒక చుట్టు తిరిగి ఏమీ ముట్టుకోకుండా వెళ్ళిపోయేది. కుట్టేవాళ్ళు దానికి మేనేజరని పేరు పెట్టారు. గంజి ముద్ద దగ్గరికి ఆఖరున వచ్చి, ఆవిడ ఊపిరి పీల్చేలోపు వెళ్ళిపోయేది.

మేడం పొద్దుటే వస్తుందనుకున్నాం. పదకొండున్నరకు వచ్చింది. పొడుగాటి మనిషి, చేతిలో చిన్న టార్చి. బేళ్ళు ఒక్కోటీ విప్పించింది, మడతల మధ్య చెయ్యి పెట్టి చూసింది, నేలను టార్చితో వెతికింది. ఏమీ దొరకలేదు. యజమాని ఆవిణ్ణి ఆఫీసు గదిలోకి పంపేయాలని తొందరపడుతుండగానే మధ్యాహ్నం గంట మోగింది. మిషన్లు ఆగాయి. మేడం కదల్లేదు, ఇంకో రెండు బేళ్ళున్నాయి అంది. అత్త రోజూలాగే స్టూలు మీద కూర్చుని తుపాకి ఒళ్ళో పెట్టుకుంది.

పది నిమిషాలకు మేనేజరు వచ్చింది. గోడ పక్క దూలం మీద, సరిగ్గా మేడం తలకు మూరెడు పైన. ఆగి మీసాలు దువ్వుకుంది. అత్తకు అది పదిహేనడుగుల దూరం, వారం రోజుల్లో అంత తేలికైన గురి దొరకలేదు. తలుపు దగ్గర నిలబడ్డ బామ్మర్దిగారు కొట్టండి, కొట్టండి అని పెదాలతోనే అన్నారు. మేడం వీపు ఎలుక వైపే ఉంది. కొడితే రెప్పపాటులో అయిపోతుంది. కొట్టకపోతే, ఆవిడ తలెత్తితే, అన్నీ అయిపోతాయి. చివరి వరసలో నలుగురూ అన్నం డబ్బాల మూతలు తెరిచిన చేతులు అలాగే ఉంచి చూస్తున్నారు.

అత్త తుపాకిని పక్కన గోడకు ఆనించింది.

"మేడం, తల పైన ఎలుక ఉంది. కదలకండి, ఏమీ చెయ్యదు" అంది.

మేడం తలెత్తింది. ఎలుకా ఆవిడా ఒకరినొకరు చూసుకున్నారు. యజమాని కళ్ళు మూసుకున్నాడు. మేడం మెల్లగా రెండడుగులు వెనక్కి వేసి, తుపాకి వంక చూసి, మరి కొట్టలేదేం అని అడిగింది.

"అటువైపు మీరున్నారు, వెనకాల రేకుంది. ఆ పరదా ముందుకు వస్తే కొడతాను. వస్తుంది. రోజూ చివరికి అక్కడికే వస్తుంది. కూర్చోండి."

మేడం నిజంగానే కూర్చుంది, నేను జరిపిన స్టూలు మీద. ఇంకేముంది అన్నట్టు బామ్మర్దిగారు బయటికి వెళ్ళిపోయారు. అత్త తుపాకి తీసుకుని అరచేతిలో ఆనించుకుంది, పట్టుకోలేదు, ఆనించుకుంది. మేనేజరు దూలం దిగి, బేళ్ళ వెంట నడిచి, నీళ్ళ కుండ దగ్గర ఆగి, తనిఖీ అంతా పూర్తి చేసింది. గోడ గడియారంలో పద్దెనిమిది నిమిషాలు గడిచాయి. గంజి ముద్ద ముందు అది తల వంచింది.

టప్.

మేడం లేచి వెళ్ళి చూసింది. తర్వాత తుపాకికి కట్టిన చీటీల గుత్తి పట్టుకుని ఒక్కోటీ తిప్పింది. మధ్యలో ఆ నాలుగు దిక్కుల చీటీ దగ్గర ఆగి ఇదేమిటంది. అత్త చెప్పింది, నూనె సంగతి, పొగ సంగతి, అన్నీ. చెప్పి, విడిగా పెట్టిన ఎనిమిది మడతలూ తెచ్చి చేతికిచ్చింది. మేడం చిల్లి మీద వేలు పెట్టి చూసింది.

"ఎలుకలు లేవని చెప్పినవాళ్ళను చాలామందిని చూశాను" అంది మేడం చివరికి. "ఉందని చెప్పి కూర్చోబెట్టింది మీరే."

అని, ఆఫీసు గదికి పోకుండా బేలు మీదే కాగితం పెట్టి ఇంకో రెండేళ్ళకు సంతకం చేసింది. చివరి వరసలో డబ్బాల మూతలు మళ్ళీ చప్పుడు చేశాయి. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, మా ఆస్పత్రి స్టోర్సులోనూ ఉన్నాయి, మాకు కూడా ఒక మంచి తుపాకి చూసిపెడతారా అంది.

"చూస్తాను" అంది అత్త. "అక్కడ ఎవరు పట్టుకుంటారు?"

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ ఆదివారాలు మాస్టారి వెనక షెడ్డుకు వెళ్ళేది, ఎలుకల కోసం కాదు, కాగితం కోసం. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కారు. ఐదు గుళ్ళు, కాగితం చూసుకోవడం, మళ్ళీ ఐదు. కొనడానికి వచ్చినవాళ్ళకు మాస్టారు తుపాకి ఎంచుకోవడం నేర్పేటప్పుడు ఆవిణ్ణి పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టేవాడు. ఆవిడ చెప్పేది రెండు ముక్కలే: ఇరవైసార్లు లాగి చూడండి, కాగితం చూసి కొనండి. నూనె మాట ఎవరైనా ఎత్తితే మాస్టారు దగ్గేవాడు, ఆవిడ నవ్వేది.

డెబ్బై దాటాక గొట్టం లాగడానికి భుజం ఒప్పుకోలేదు. ఇరవయ్యోసారి చెయ్యి వణికిన రోజున, ఇంక చాలు అని, తన పనిలో చేరిన కొత్త మెకానిక్కమ్మాయికి తుపాకి ఇచ్చేసింది. ఇచ్చేముందు ఆ పిల్లతో ఇరవైసార్లు లాగించింది. చీటీల గుత్తి కూడా దానితోనే వెళ్ళింది, ఒక్కటి తప్ప. నాలుగు దిక్కులకు నాలుగు చిల్లులున్న అట్టముక్క నేను అడిగి తీసుకున్నాను. ఇప్పుడు చదువుతున్న పుస్తకంలో గుర్తుగా అదే ఉంది. దాని మీద నూనె వాసన ఎప్పుడో పోయింది, పెన్సిల్ తేదీ మాత్రం చదవడానికి వీలుగా ఉంది.